సిటీ వీటెక్ కొనాలా, ఐకాన్ 1.6 కొనాలా? తిరుపతి, చిత్తూరు వైపు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం తెల్లవారకముందే బండి తీసి, భాకరాపేట ఘాట్ ఎక్కి, పీలేరులో ఇడ్లీ తిని ఎండ ముదిరేలోపు ఇంటికి వచ్చేసే అలవాటు నాకు చాలా ఏళ్ళుగా ఉంది. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అడిగేది ఎప్పుడూ ఒకటే: పాత హోండా సిటీ వీటెక్ ఒకటి చూశాను, ఫోర్డ్ ఐకాన్ 1.6 కూడా ఒకటి అమ్మకానికి ఉంది, ఏది తీసుకోమంటావు? నేను వీటెక్ నాలుగేళ్ళు పెట్టుకున్నాను, ఇప్పుడు ఆరేళ్ళుగా ఐకాన్ నడుపుతున్నాను. అందరికీ చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెబుతున్నాను కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## ఇంకా ఆలోచనలో ఉన్నప్పుడు

అన్నా, ఇన్ని పాత కార్లుండగా ఈ రెండే ఎందుకు?

రెండూ 2000 చుట్టుపక్కల వచ్చిన పెట్రోల్ సెడాన్లు, రెండూ బరువు తక్కువ, రెండింటికీ హైడ్రాలిక్ స్టీరింగ్. ఇప్పటి కార్లలో ఎలక్ట్రిక్ స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతుంది గానీ ముందు చక్రం కింద ఏం జరుగుతోందో చేతికి తెలియదు, వీటిలో తెలుస్తుంది. ఫియట్ పాలియో 1.6 కూడా మంచి బండే. కానీ మా వైపు బాగున్నది దొరకడం కష్టం, దాన్ని బాగా తెలిసిన మెకానిక్ దొరకడం ఇంకా కష్టం. సిటీ, ఐకాన్ విప్పిన చేతులు మన తిరుపతి ఆటోనగర్‌లో ఇంకా ఉన్నాయి.

ఒక్క మాటలో చెప్పు, ఏది కొనాలి?

మీ రోడ్డు ఘాట్లు, పల్లె రోడ్లు అయితే ఐకాన్ 1.6. మీరు ఎక్కువగా చెన్నై, బెంగళూరు హైవేల మీద తిరిగేవాళ్ళయితే వీటెక్. ఈ రెండు మాటలకంటే ముందు ఇంకో మాట ఉంది: ఇరవై ఏళ్ళ బండి విషయంలో మోడల్ కంటే ఆ ఒక్క బండి ఎలా ఉంది అన్నదే పెద్ద లెక్క. బాగా చూసుకున్న వీటెక్ ముందు పాడుబడిన ఐకాన్ ఎందుకూ పనికిరాదు, అటుది ఇటైనా అంతే.

వీటెక్ వీటెక్ అంటారు, అసలు అందులో ఏముంది?

మామూలు ఇంజన్‌లో వాల్వులు, అంటే గాలి, పెట్రోల్ లోపలికి, పొగ బయటకి పోయే తలుపులు, ఎంత తెరుచుకోవాలో, ఎంతసేపు తెరిచి ఉండాలో ఒకే లెక్క ఉంటుంది. వీటెక్‌లో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ కడ్డీ మీద రెండు రకాల లోబ్‌లు, అంటే ఉబ్బెత్తు భాగాలు, ఉంటాయి. నెమ్మదిగా పోతున్నప్పుడు చిన్న లోబ్ పనిచేస్తుంది, సుమారు 5000 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ప్రాంతంలో ఆయిల్ ప్రెషర్‌తో ఒక పిన్ను జరిగి వాల్వులను నొక్కే రాకర్లను కలిపేస్తుంది, అప్పటినుంచి పెద్ద లోబ్ వాల్వులను ఇంకా లోతుగా తెరుస్తుంది. గొంతు మారినట్టు శబ్దం మారుతుంది, బండి ఇంకోసారి ముందుకు దూకినట్టు అనిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, ఇప్పటికీ తలుచుకుంటే ఆ శబ్దం చెవిలో ఉంది. అదంతా ఆయిల్ ప్రెషర్ మీద నడిచే పని కాబట్టి ఆయిల్ తగ్గినా, జిడ్డుగా నల్లబడినా ఆ మార్పు సరిగ్గా జరగదు.

సిటీకి 106 హార్స్‌పవర్, ఐకాన్‌కి 92. మరి ఐకాన్ ఎలా బెటర్ అంటావు?

కాగితం మీద సిటీదే పైచేయి, నిలబెట్టి పందెం పెడితే రోడ్డు మీదా దానిదే. కానీ ఆ 106 మొత్తం దక్కాలంటే ఇంజన్‌ను 6000 పైన తిప్పాలి. భాకరాపేట ఘాట్‌లో మలుపు మలుపుకీ రెండో గేరు, మూడో గేరు, ముందు టమాటా లారీ, ఎదురుగా ఆర్టీసీ బస్సు. అక్కడ 6000 దాకా తిప్పే జాగా ఎక్కడుంది? ఐకాన్ 1.6 ఇంజన్‌కు సిలిండర్‌కు రెండే వాల్వులు, పాతకాలపు లెక్క, కానీ కింది ఆర్‌పీఎంలోనే బాగా లాగుతుంది. మలుపులో యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం ఆనిస్తే చాలు, బయటకి లాక్కొస్తుంది. దానికి తోడు ఐకాన్ సస్పెన్షన్ మలుపుల్లో నేలను పట్టుకునే తీరు నాకు సిటీలో దొరకలేదు. సిటీ తేలిగ్గా, చురుగ్గా ఉంటుంది గానీ గతుకు వచ్చిన మలుపులో కొంచెం ఎగిరినట్టు అవుతుంది. మన రోడ్లలో గతుకు లేని మలుపు ఎక్కడుంది చెప్పండి. నేను వీటెక్ అమ్మేయడానికి కారణం ఇదే: నాలుగేళ్ళలో ఆ ఇంజన్‌ను మనసారా తిప్పింది నాయుడుపేట వైపు హైవే మీదే, నాకు ఇష్టమైన రోడ్డు మీద కాదు.

ఇంట్లో ఇదొక్కటే కారుగా పెట్టుకోవచ్చా?

వద్దు. పెళ్ళికి వెళ్ళాల్సిన రోజే సెల్ఫ్ తీసుకోదు, పిల్లకి జ్వరం వచ్చిన రాత్రే బ్యాటరీ దిగిపోతుంది. రోజువారీకి ఒక నమ్మకమైన బండి ఉండి, ఇది రెండోది అయితేనే ఆనందం, లేకపోతే రోజూ టెన్షన్.

మా ఆవిడ ఒప్పుకోవట్లేదు, సేఫ్టీ లేదంటుంది. ఏం చెప్పాలి?

ఆమె చెప్పేది నిజమే, కాదనకండి. ఈ వయసు బండ్లలో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగులు లేవనే అనుకుని నడపాలి. నేను పిల్లల్ని ఐకాన్‌లో హైవే మీద తీసుకెళ్ళను, ఊళ్ళో చంద్రగిరి కోట దాకా తిప్పుకొస్తాను అంతే. కొత్త టైర్లు, నాలుగు సీట్లకూ పనిచేసే బెల్టులు, పొద్దుటి వెలుతురులోనే డ్రైవింగ్: ఈ మూడూ మాటిచ్చాక మా ఇంట్లో ఒప్పుకున్నారు, నేను ఇప్పటిదాకా తప్పలేదు.

15 ఏళ్ళు దాటిన కార్లు తుక్కు చేస్తారంట కదా, కొన్నాక తీసుకెళ్ళిపోతే?

పెట్రోల్‌కు 15 ఏళ్ళు, డీజిల్‌కు 10 ఏళ్ళు అన్న నిషేధం ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానిది. మన రాష్ట్రంలో సొంత కారును వయసు ఒక్కటే చూసి తుక్కు చేయరు. ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గి రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయితే ఐదేళ్ళు నడుపుకోవచ్చు, తర్వాత మళ్ళీ చేయించుకోవచ్చు. వింటేజ్ కింద రిజిస్టర్ చేయిద్దామా అని కూడా అడుగుతారు, దానికి బండి 50 ఏళ్ళు దాటాలి.

## బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు

వెళ్ళగానే మొదట ఏం చూడాలి?

వెళ్ళేముందే అమ్మేవాళ్ళకు ఫోన్‌లో చెప్పండి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే ఆయన మిమ్మల్ని చల్లటి ఇంజన్ చూడనివ్వలేదన్నమాట, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. స్టార్ట్ చేశాక సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంటే ఇంజన్ బోరుకొచ్చింది లేదా వాల్వ్ సీళ్ళు పోయాయి. ఆగకుండా తెల్లపొగ, రేడియేటర్‌లో నూనె తేలుతుండటం కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ అనుమానించండి.

తర్వాత నేల మీద కూర్చుని బాడీ కింద చూడండి. తుప్పు ఇంజన్ కంటే పెద్ద శత్రువు. ఇంజన్ మార్చుకోవచ్చు, తుప్పు పట్టిన ఫ్లోరు, డోర్ల కింది అంచులు బాగు చేయించడం మొదలుపెడితే టింకరింగ్ షెడ్డులో నెలలు పోతాయి. చెన్నైలో సముద్రం దగ్గర తిరిగిన బండి అయితే ఇంకా జాగ్రత్త.

వీటెక్‌లో ప్రత్యేకంగా ఏం చెక్ చేయాలి?

ముందు అది నిజంగా వీటెక్కో కాదో చూడండి. మామూలు సిటీ 1.5 డిక్కీకి వీటెక్ బ్యాడ్జి అంటించి అమ్మేవాళ్ళుంటారు, రెండింటి సీసీ ఒకటే కాబట్టి ఆర్‌సీలో తేడా కనపడదు. ఇంజన్ పైకవర్ మీద పేరు, సిలిండర్ హెడ్ పక్కన వీటెక్ సోలెనాయిడ్ (ఆ ఆయిల్ దారి తెరిచే కరెంటు వాల్వు) ఉన్నాయా అని మెకానిక్‌తో చూపించుకోండి. వేడెక్కాక మూడో గేరులో ఖాళీ రోడ్డు మీద 6000 దాకా లాగండి, శబ్దం మారాలి, లాగుడు పెరగాలి.

రెండోది టైమింగ్ బెల్ట్, అంటే వాల్వులను పిస్టన్లతో వరుస తప్పకుండా నడిపే బెల్ట్. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క, కొన్న మర్నాడే మార్పించాలి. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. మూడోది, ఎండలో గంట నిలబెట్టాక మళ్ళీ స్టార్ట్ చేసి చూడండి. ఆ కాలపు హోండాల్లో మెయిన్ రిలే లోపలి టంకం పగిలి, వేడెక్కినప్పుడు ఫ్యూయల్ పంపుకు కరెంటు అందదు. చల్లబడ్డాక ఏమీ తెలియనట్టు స్టార్ట్ అవుతుంది. నా బండి మే నెలలో శ్రీకాళహస్తి గుడి పార్కింగ్‌లో ఇలాగే రెండు గంటలు కూర్చోబెట్టింది, పంపు మార్చాలని ఒక షెడ్డులో డబ్బు కూడా తీసుకున్నారు. చివరికి తప్పు చిన్న రిలేది.

ఐకాన్ 1.6లో?

ఆర్‌సీలో సీసీ చూడండి, 1.6 అయితే 1600కు దగ్గరగా ఉంటుంది, 1300 దగ్గర ఉంటే అది 1.3 ఇంజన్, బ్యాడ్జి ఏది ఉన్నా సరే. ఈ ఇంజన్‌కు బెల్ట్ బదులు టైమింగ్ చైన్, వాటంతటవే సర్దుకునే హైడ్రాలిక్ ట్యాపెట్లు కాబట్టి బెల్ట్ ఖర్చు, ట్యాపెట్ సెట్టింగ్ ఖర్చు లేవు. బాధంతా కూలింగ్‌లోనే. థర్మోస్టాట్ హౌసింగ్ ప్లాస్టిక్‌ది, వయసొచ్చి పగులుతుంది, కూలెంట్ కారిపోతుంది, గమనించకపోతే హెడ్ వంగుతుంది. ఆ చుట్టూ తెల్లటి మరకలున్నాయేమో టార్చ్ వేసి చూడండి. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు నుంచి కటకట శబ్దం వస్తే లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్టీరింగ్ ర్యాక్ పని ఉంది. బుష్‌లు చిన్న ఖర్చు, ర్యాక్ పెద్ద ఖర్చు.

మీటర్‌లో 60 వేలే ఉంది, నమ్మొచ్చా?

20 ఏళ్ళకు 60 వేలంటే నేను మీటర్‌ను నమ్మను, పెడళ్ళ రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు అంచు చూస్తాను. పాత సర్వీస్ బిల్లులుంటే వాటి మీద కిలోమీటర్లు రాసి ఉంటాయి. ఒకవేళ నిజంగానే అంత తక్కువ తిరిగినా అది మంచి వార్తేమీ కాదు, నిలబడిపోయిన బండిలో రబ్బరు సీళ్ళన్నీ ఎండిపోయి ఉంటాయి.

ఎర్రచందనం కేసులో పట్టుబడ్డ బండి అని ఎలా తెలుస్తుంది?

మన వైపు ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి, అడిగినందుకు అమ్మేవాళ్ళు నొచ్చుకున్నా ఫరవాలేదు. దుంగలు మోసిన సెడాన్‌కు వెనక సీటు బోల్టులు చాలాసార్లు విప్పిన గుర్తులుంటాయి, డిక్కీ నేల లోతుగా గీరుకుపోయి ఉంటుంది, వెనక స్ప్రింగులు మందంవి వేయించి ఉంటారు లేదా బరువుకు కుంగిపోయి ఉంటాయి. అటవీ శాఖ వేలంలో కొన్న బండి అయితే వేలం కాగితాలు, కోర్టు విడుదల కాగితాలు అన్నీ చేతికి వచ్చాకే డబ్బివ్వండి. కేసు నడుస్తున్న బండి కొంటే మీ ఆనందమంతా పోలీస్ స్టేషన్ మెట్ల మీదే అయిపోతుంది.

గ్యాస్ కిట్ ఉంది, తీసుకోవచ్చా?

నేనైతే తీసుకోను. ఆర్‌సీలో ఎక్కించని కిట్ అయితే ఫిట్‌నెస్ దగ్గర ఇబ్బంది. ఎక్కించినదైనా వాల్వుల మీద ఏళ్ళ తరబడి పొడి మంట పడి ఉంటుంది. పైగా వైరింగ్ అంతా కోసి అతికించి ఉంటుంది.

## కాగితాల దగ్గర

బెంగళూరులో మంచి వీటెక్ దొరికింది, కేఏ నంబరుతోనే నడుపుకోవచ్చా?

కొన్నాళ్ళు కుదురుతుంది, ఎప్పటికీ కుదరదు. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకోవాలి, ఇక్కడ ట్యాక్స్ కట్టి మన నంబరు వేయించుకోవాలి. పేరు మార్పుకు ఫారం 29, 30. పాత లోన్ ఇంకా ఆర్‌సీలో కనిపిస్తుంటే ఫారం 35, బ్యాంకు లేఖ కావాలి. అసలు యజమాని చనిపోయి కొడుకు అమ్ముతున్న బండ్లు ఈ వయసులో చాలా ఉంటాయి, ముందు బండి ఆ కొడుకు పేరు మీదకు మారాకే మీరు ముందుకు వెళ్ళండి. చిత్తూరు వాళ్ళకు తమిళనాడు బండ్లు పక్కనే దొరుకుతాయి కాబట్టి ఈ విషయంలో తొందరపడేది వాళ్ళే ఎక్కువ. ఎన్‌ఓసీ చేతిలో పడకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి.

రెన్యువల్‌కు ఎంత అవుతుంది?

2022 ఏప్రిల్ నుంచి కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 5,000 చేశారు. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లకు దాన్ని 10,000కు పెంచారు, వీటెక్‌లన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. దీనిపైన పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. గడువు దాటితే నెలనెలా జరిమానా పెరుగుతుంది కాబట్టి, బేరమాడేటప్పుడు ఆర్‌సీ మీద చెల్లుబాటు తేదీ చూసి ఈ ఖర్చంతా ధరలో తగ్గించమని అడగండి. పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే తేదీ తెలిసిపోతుంది.

ఇన్సూరెన్స్ ఎవరిస్తారు ఇంత పాత బండికి?

థర్డ్ పార్టీ ఎవరైనా ఇస్తారు, అది తప్పనిసరి. సొంత నష్టానికి ఇచ్చేది దొరికినా బండి విలువ చాలా తక్కువ కడతారు. కొన్న 14 రోజుల్లోపు పాలసీ మీ పేరుకు మార్చమని అడగాలి, చాలామంది మర్చిపోయేది ఇదే.

## ఇంటికి తెచ్చాక

అలిపిరి పాదాల మండపం దగ్గర బండికి పూజ అయిపోయింది. ఇప్పుడు మొదట ఏ పని చేయించాలి?

పెయింట్ కాదు. అందరూ పెయింట్‌తోనే మొదలుపెడతారు, తర్వాత బ్రేకులకు డబ్బుండదు. నా వరుస ఇది: ముందు బ్రేకులు, అంటే ప్యాడ్లు, వెనక డ్రమ్ములు, హోసులు, కొత్త బ్రేక్ ఆయిల్. తర్వాత టైర్లు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం, ఆరేళ్ళు దాటితే గాడి ఎంత లోతున్నా మార్చేయండి. ఆ తర్వాత కూలింగ్: రేడియేటర్, హోసులు, థర్మోస్టాట్, ఫ్యాను. అప్పుడు ఇంజన్ ఆయిల్, గేరు ఆయిల్. హోండా గేరుబాక్సులో హోండా చెప్పిన ఆయిలే పోయండి, వేరేది పోస్తే గేర్లు బిగుసుకుంటాయి. చివర్న సస్పెన్షన్. మొదటి ఏడాది బండి కొన్నంత డబ్బు దాని మీద పెట్టాల్సి వస్తుందనుకుని దిగండి, నాకు రెండుసార్లూ దాదాపు అంతే అయింది.

స్పేర్ పార్టులు దొరుకుతాయా? ఫోర్డ్ కంపెనీ వెళ్ళిపోయింది కదా.

ఫోర్డ్ 2021లో మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు చెప్పింది, సర్వీసు మాత్రం ఆపలేదు. అయినా ఇంత పాత ఐకాన్‌కు మీరు వెళ్ళేది షోరూమ్‌కు కాదు. ఐకాన్లు తయారైంది చెన్నై పక్కన మరైమలై నగర్‌లో, ఆ చుట్టుపక్కల అమ్ముడైనవీ ఎక్కువే, అందుకే చెన్నైలో పాత సామాన్ల బజారు పుదుపేటలో తలుపు హ్యాండిల్ నుంచి గేరుబాక్సు దాకా దొరుకుతాయి. ఇక్కడి నుంచి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి సామానుతో తిరిగొస్తాం. 1.3 ఐకాన్ చాలా ఏళ్ళు అమ్ముడైంది కాబట్టి బాడీ, సస్పెన్షన్ సామాన్లు అందులోవి సరిపోతాయి. వీటెక్‌కు మామూలు సిటీ బాడీ సామాన్లు సరిపోతాయి గానీ, హెడ్, డిస్ట్రిబ్యూటర్ లాంటివి దొరికినప్పుడే కొని దాచుకోవాలి.

ఇప్పటి ఈ20 పెట్రోల్ వీటికి పడుతుందా?

ఈ బండ్లు తయారైనప్పుడు 20 శాతం ఇథనాల్ అన్న ఆలోచనే లేదు. పాత రబ్బరును ఇథనాల్ మెత్తబరుస్తుంది, పగులుస్తుంది. ట్యాంకు నుంచి ఇంజన్ దాకా ఫ్యూయల్ హోసులన్నీ కొత్తవి వేయించండి, ఫిల్టర్ మార్పించండి. నెల రోజులు నిలబెట్టేటట్టయితే ట్యాంకులో పాత పెట్రోల్ వదిలేయొద్దు, అది తేమను పీల్చుకుంటుంది. డాష్‌బోర్డు దగ్గర కొంచెం పెట్రోల్ వాసన వచ్చినా ఆరోజు బండి తీయకండి.

పెద్ద చక్రాలు, సౌండ్ సైలెన్సర్ వేయించమంటావా?

వద్దు. సిటీ అసలే నేలకు దగ్గర, పల్లె స్పీడ్ బ్రేకర్లకు కడుపు గీరుకుంటుంది. సస్పెన్షన్ ఇంకా దించితే అంతే సంగతులు. వీటెక్ సొంత గొంతే బాగుంటుంది.

## రోడ్డు మీద

ఆదివారం ఎటు వెళ్ళొచ్చు?

నాకు ప్రాణమైన రోడ్డు తిరుపతి నుంచి రంగంపేట, భాకరాపేట ఘాట్ మీదుగా పీలేరు. ఐదున్నరకు బయల్దేరితే ఘాట్‌లో చలిగా ఉంటుంది, అద్దాలు దించుకుని, ఏసీ ఆపేసి వెళ్ళండి, శేషాచలం అడవి వాసన మీకే తెలుస్తుంది. అక్కడ తొందరపడకండి. 2022లో పెళ్ళి బృందం బస్సు లోయలో పడింది ఆ మలుపుల్లోనే. నేను అక్కడ ఎవరినీ దాటను, లారీ వెనకే వెళ్ళి ఖాళీ వచ్చాక నా మలుపు నేను తీసుకుంటాను. మొత్తం రోజు ఖాళీ ఉంటే మదనపల్లె మీదుగా హార్సిలీ హిల్స్, పైకి ఎక్కే ఆ చివరి మలుపులు రెండో గేరులో ఐకాన్‌కు పండగే. తలకోన వైపు రాత్రి తిరగొద్దు, జంతువులుంటాయి, పాత సెడాన్ కనపడితే ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ వాళ్ళు ఆపి డిక్కీ తెరిపిస్తారు, అది వాళ్ళ పని. చిత్తూరు వాళ్ళకు కాణిపాకం రోడ్డు దగ్గర. పలమనేరు వైపు మొగిలి ఘాట్ మాత్రం భారీ లారీల రోడ్డు, దాన్ని సరదా డ్రైవ్‌కు ఎంచుకోకండి.

తిరుమల ఘాట్ ఉండగా అంత దూరం ఎందుకు?

అది దర్శనానికి వెళ్ళే దారి. 1944లో మొదటిది, 1974లో రెండోది వేశారు, మలుపుల అందం చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది, కాదనను. కానీ అక్కడ సమయానికి ముందు చేరితే జరిమానా వేసే పద్ధతి ఉంది, చుట్టూ కుటుంబాలతో వచ్చిన భక్తులుంటారు. సరదాకి బండి నడిపే చోటు కాదది.

ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ మెత్తబడింది, ఏం చేయాలి?

వెంటనే కింది గేరులోకి దించండి, ఇంజన్‌తో వేగం తగ్గించి వెడల్పున్న చోట పక్కకు ఆపి పావుగంట చల్లారనివ్వండి. ఆగాక హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేరులో పెట్టి చక్రం కింద రాయి పెట్టండి. బ్రేక్ ఆయిల్ పాతబడితే తేమ చేరి, వేడికి మరిగి బుడగలు కడుతుంది, పెడల్ కిందికి పోతుంది. రెండేళ్ళకోసారి ఆయిల్ మొత్తం మార్పించండి. ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత లారీ డ్రైవర్ల మాట ఈ బండ్లకు అక్షరాలా సరిపోతుంది.

వారమంతా నిలబెడితే ఏం కాదా?

వారానికి ఏం కాదు. రెండు వారాలు దాటితే బ్యాటరీ దిగుతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. బుధవారం సాయంత్రం ఒకసారి తీసి ఫ్యాను తిరిగేదాకా ఇంజన్ వేడెక్కనిచ్చి, నాలుగు కిలోమీటర్లు తిప్పి తీసుకొచ్చి పెట్టండి. ఊరికే నిలబెట్టి రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే మంచి కంటే చెడే ఎక్కువ, సైలెన్సర్‌లో నీళ్ళు నిలిచి తుప్పు పడుతుంది.

వీటెక్ అమ్మినందుకు ఎప్పుడైనా బాధపడ్డావా?

పడ్డాను. రేణిగుంట రోడ్డులో ఎవరైనా వీటెక్‌ను మూడో గేరులో పైదాకా లాగుతూ పోతే ఇప్పటికీ తల తిప్పి చూస్తాను. అయినా మర్నాడు ఆదివారం పొద్దున తాళాలు తీసుకునేది ఐకాన్‌వే.